ఎడమ పక్క ఖాళీ: శంషాబాద్‌లో కదిలే కారుకి కెమెరా బిగించిన ఆదివారం

ఈ బ్లాగు చదివేవాళ్ళకి మా వెండి రంగు కారు కొత్త కాదు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులో, బీదర్ కోట గోడ పక్కన, సోమశిల రేవు దగ్గర, ప్రతి పోస్టులోనూ ఏదో ఒక మూల ఆగి ఉంటుంది. బానెట్‌కి ఆనుకుని మా వారు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. పద్నాలుగేళ్ళలో లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన ఆ కారుకి, నడుస్తుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. కారణం మామూలుదే. అది నడుస్తున్నంతసేపూ నేను దాని లోపల, ఎడమ సీట్లో కూర్చుని ఉంటాను.

ఆ సీట్లో నాకొక పని ఉండేది. కూడలి దాటేటప్పుడో, లారీని దాటి మళ్ళీ పక్కకి వచ్చేటప్పుడో మా వారు "ఎడమ?" అనేవారు. నేను తల తిప్పి చూసి "ఖాళీ" అనేదాన్ని. మొదట్లో ఆ మాట ప్రయాణం మొత్తంలో నాలుగైదు సార్లు వినిపించేది. పోయిన ఏడాది నుంచి ప్రతి మలుపులోనూ అడగడం మొదలుపెట్టారు. వయసుతో పాటు జాగ్రత్త పెరిగిందని నేను సంతోషించాను. ఆగస్టులో కంటి డాక్టరు గ్లాకోమా అని చెప్పినప్పుడు గానీ ఆ ప్రశ్న ఎందుకు పెరిగిందో నాకు తెలియలేదు. ఎదురుగా ఉన్నది ఆయనకి బాగానే కనిపిస్తుంది. పక్కల నుంచి వచ్చేదే కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి, కారు నడపడం మాత్రం ఇవాళ్టితో ఆపేయాలి అన్నారు డాక్టరు. మా వారు తల ఊపి, బయటికొచ్చి, తాళాలు నా చేతిలో పెట్టి ఆటో పిలిచారు. ఆ తరువాత డ్రైవర్ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నేను నేర్చుకుందామని చూశాను. యాభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ స్కూల్లో చేరి తొమ్మిది రోజులు వెళ్ళాను. పదో రోజు ఆరాంఘర్ కూడలి మధ్యలో బండి ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొట్టేసరికి తాళం ఎటు తిప్పాలో కూడా మరిచిపోయాను. మళ్ళీ వెళ్ళలేదు. అవసరమైనప్పుడు రోజు కూలికి డ్రైవర్ని పిలిపించుకునేవాళ్ళం. అప్పుడు మా వారు ఎడమ సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకుని కుడి కాలితో తొక్కుతూ ఉంటారు. నేను వెనక సీట్లో. ఇన్నేళ్ళూ నాకు ప్రయాణమంటే సగం రోడ్డు, సగం ఆయన ఎడమ చెంప. వెనక నుంచి జుట్టు తప్ప ఏమీ కనిపించదు. చివరికి నవంబరులో కారు అమ్మేద్దామనుకున్నాం. షాద్‌నగర్‌లో విత్తనాల దుకాణం ఉన్న ఒకాయన కొనుక్కున్నారు. సోమవారం ఉదయం పది గంటలకి వచ్చి తీసుకెళ్తామన్నారు. అంటే నాకు మిగిలింది ఒక్క ఆదివారం. ఆ కారు నడుస్తూ ఉండాలి, స్టీరింగు ముందు ఆయన ఉండాలి, అలాంటి ఫోటో ఒక్కటి కావాలి. ఈ ప్రయాణం దానికోసమే. మా వారు మాత్రం "ఆగి ఉన్న ఫోటోలు అన్ని ఉన్నాయిగా" అని పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

కారు స్పష్టంగా, చుట్టూ లోకమంతా గీతలు గీతలుగా పారుతున్నట్టు ఉండే ఫోటోలు మీరు చూసే ఉంటారు. అవి రోడ్డు పక్కన నిలబడి తీసినవి కావు. కెమెరాని ఒక పొడవాటి కడ్డీతో కారుకే బిగిస్తారు. జాతరలో రంగులరాట్నం ఎక్కినవాళ్ళకి పక్క గుర్రం మీది మనిషి స్పష్టంగా కనిపిస్తాడు, కింద ఉన్న జాతర మాత్రం రంగుల గీతలైపోతుంది. ఇదీ అంతే. కెమెరా కారుతో పాటే కదులుతుంది కాబట్టి దాని లెక్కలో కారు కదలనట్టే. షట్టరుని ఒక సెకను, రెండు సెకన్లు తెరిచి ఉంచితే వెనక్కి జరిగే రోడ్డు గీతలుగా పడుతుంది. దీనికి వేగం అక్కర్లేదని చదివినప్పుడు నాకు ఆశ పుట్టింది. మనిషి నడిచేంత వేగం చాలట. ఇంజిన్ అదురు లేకుండా, ఆపేసిన కారుని మనుషులు తోస్తే ఇంకా మంచిదని కూడా చదివాను కానీ, అంత అవసరం రాదులే అనుకున్నాను.

శనివారం సాయంత్రం కోఠిలో కెమెరా సామాను కిరాయికిచ్చే దుకాణానికి బస్సులో వెళ్ళాను. అరచేతంత గుండ్రటి రబ్బరు గిన్నెలు మూడు, వాటికి తగిలించే ఆరడుగుల కడ్డీ, బిగింపులు ఇచ్చారు. గిన్నెని కారు మీద పెట్టి దాని వెనకున్న చిన్న పంపు నొక్కుతుంటే లోపలి గాలి బయటికిపోయి అతుక్కుంటుంది. పంపు మీద ఎర్ర గీత బయటికొస్తే పట్టు సడలినట్టు. కిరాయి రోజుకి పదిహేను వందలు, పూచీగా ఆరు వేలు, ఆధార్ జిరాక్స్ ఒకటి. పగటి వెలుగులో షట్టరుని అంతసేపు తెరిచి ఉంచితే ఫోటో తెల్లగా మాడిపోతుంది కాబట్టి లెన్సుకి తొడిగే నల్లద్దం ఇంకో రెండు వందలు. ఇంటికొచ్చి బాల్కనీలో బట్టలారేసే నైలాన్ తాడు విప్పి సంచిలో పెట్టుకున్నాను. కారుకి ఏం బిగించినా దాన్ని తాడుతో లోపలికి కట్టకుండా వదలకూడదని చదివిన ప్రతి చోటా ఉంది.

ఎక్కడ తీయాలన్నది ముందే తేల్చుకోవాల్సిన సంగతి. మామూలు రోడ్డు మీద పక్కకి పొడుచుకొచ్చే కడ్డీతో తిరగడం తప్పు, ప్రమాదం కూడా. ఎయిర్‌పోర్టు లోపలి రోడ్లు ఎంత నున్నగా ఉన్నా ఆ ఆలోచనే పెట్టుకోవద్దు, కాపలా వాళ్ళు ఒప్పుకోరు. హిమాయత్ సాగర్ కట్ట దగ్గర ఆదివారం జనం. ఆఖరికి శంషాబాద్ దాటాక పాలమాకుల వైపు ఒక వెంచర్ గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద ప్లాటు చూడటానికి వెళ్ళి, ధర విని, అక్కడి పుచ్చకాయ రసం తాగి తిరిగొచ్చాం. కమాను, నలభై అడుగుల తారు రోడ్లు, వాటికి అటూ ఇటూ నలుపు పసుపు రంగులేసిన రాళ్ళు, వరసగా నాటిన మొక్కలు. ఇల్లు ఒక్కటీ లేదు. గీతలు పడటానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. శుక్రవారం వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేస్తే, కారు ఫోటో కోసమైతే గంట రెండు గంటలు తీసుకోండి, మా కమాను కూడా పడేట్టు చూడండి అన్నారు.

ఆదివారం ఒంటి గంటకి డ్రైవర్ యాదయ్య అత్తాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు, ఊరు శంషాబాద్ పక్కనే, పగలల్లా ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపి సెలవు రోజున ఇలా వస్తాడు. ఎనిమిది గంటలకి తొమ్మిది వందలు. నేను సామాను సర్దుతుంటే కారు ఎండలో తళతళలాడుతోంది. నవంబరు ఎండ అలాగే ఉంటుందనుకున్నాను. మా వారు వద్దనకుండా వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. పెట్రోలు ఐదు వందలకి పోయించి, ఎలివేటెడ్ రోడ్డు స్తంభాల కింద నుంచి ఆరాంఘర్, గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా పాత హైవేలో వెళ్ళాం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే టోలు, పైగా అక్కర్లేని చుట్టుదారి. మా ఇంటి నుంచి వెంచర్‌కి ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి మధ్యలో ఆగిన సమయం తీసేస్తే యాభై నిమిషాలు పట్టింది.

ఆగింది శంషాబాద్‌లో, రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసే ఒకామె దగ్గర. రొట్టె ఇరవై రూపాయలు, పల్లీ కారం ఊరికే వేస్తుంది. మేం మూడేసి తిన్నాం. ఆమె పెనం మీది నుంచి కన్ను తీయకుండానే సంచుల వైపు తల ఊపింది.

"కెమెరాలున్నయి. ఏడన్న ఫంక్షనా అమ్మా?"

"కాదు, మా కారుకి ఫోటో తీద్దామని."

"కారుకు ఫోటో ఏంది? పెండ్లిసూపులా?"

"అలాంటిదే అనుకోండి. రేపు పంపిస్తున్నాం."

"గట్లనా. ఎక్కడికి ఇచ్చిన్రు?"

"షాద్‌నగర్."

"దగ్గర్నే ఇచ్చిన్రు, మంచిగైంది. యాదికొస్తె పోయి చూసి రావొచ్చు."

యాదయ్య నవ్వాడు. మా వారు చెయ్యి కడుక్కుంటున్నట్టు అటు తిరిగారు. అప్పటికే ఒకసారి కడుక్కున్నారు.

మూడుంపావుకి వెంచర్ చేరాం. కాపలాదారు బాలయ్య, ఆయన భార్య మల్లమ్మ కమాను పక్కన రేకుల గదిలో ఉంటారు. "ప్లాటు చూడనీకొచ్చిన్రా?" అన్నాడు బాలయ్య. ఆఫీసు వాళ్ళకి చెప్పామంటే తనే ఫోన్ చేసి కనుక్కుని, లోపల సమంగా ఉండే పొడవైన రోడ్డు చూపించాడు. నూటయాభై మీటర్లు ఉంటుంది, ఎక్కడా వాలు లేదు. నేను కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మ ప్రకారం ఎడమ వైపు ముందు తలుపు మీద ఒక గిన్నె, బానెట్ మీద రెండు పెట్టాలి. కడ్డీ కారుకి ముందు ఎడమ మూల నుంచి బయటికి వస్తుంది. కుడి వైపు బిగిస్తే ఆయన మొహం ఇంకా దగ్గరగా పడుతుందని తెలుసు. కానీ నాకు ఎడమ చెంపే కావాలి. అందుకే అటు పెట్టాను.

తడి గుడ్డతో దుమ్ము తుడిచి, మూడు గిన్నెలూ అతికించి, కెమెరా బిగించి, నైలాన్ తాడుని కడ్డీకి చుట్టి కిటికీలో నుంచి లోపలి పిడికి కట్టాను. చెయ్యి వదిలి రెండడుగులు వెనక్కి వేశానో లేదో, బానెట్ మీది గిన్నె మెల్లగా జారింది. ఎర్ర గీత బయటికొచ్చింది. రెండోదీ జారింది. కడ్డీ వాలిపోయి, కెమెరా నేలకి జానెడు ఎత్తులో తాడుకి వేలాడుతూ ఉయ్యాల ఊగింది. బాలయ్య "అవ్వో" అన్నాడు. కెమెరాకి ఏమీ కాలేదని చూసుకున్నాక మళ్ళీ అతికించాను. మళ్ళీ జారింది. మూడోసారి అరనిమిషం కూడా నిలబడలేదు. టైము నాలుగు కావొస్తోంది. ఐదు నలభైకి సూర్యాస్తమయం. రేపు ఈ పాటికి కారు మాది కాదు.

యాదయ్య బానెట్ మీద చూపుడు వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"డీజిల్ వాసనొస్తుంది. ఎవలు తుడిచిన్రు అక్కా?"

నాకు తెలియదన్నాను. మా వారు నాలుగడుగుల దూరంలో, కిందికి దిగుతున్న విమానాన్ని చూస్తున్నారు. అది దిగిపోయాక కూడా అటే చూస్తున్నారు.

"నేనే," అన్నారు. "పొద్దున."

కారు కొన్నప్పటి నుంచి మా మెట్ల కింద ఒక అర లీటరు డీజిల్ సీసా ఉంటుంది. మెరుపు కోసం ఆదివారం ఉదయం మెత్తటి గుడ్డకి నాలుగు చుక్కలు వేసి కారంతా తుడవడం ఆయన అలవాటు. ఆగస్టు నుంచి ఆ ఉదయం దాకా ఆ సీసా మూత తీయలేదు.

"మేమూ గదే జేస్తం సార్. అద్దం లెక్క మెరుస్తది," అన్నాడు యాదయ్య. "గానీ గీ గిన్నెలు అద్దానికైతె పడతయి. నూనెకు పడతయా?"

"ఫోటోలో మాసిపోయి కనిపిస్తే బాగుండదని తుడిచాను," అన్నారు మా వారు నా వైపు చూడకుండా.

నాకు కోపం రాలేదు. వద్దు వద్దన్న మనిషి, నేను నిద్ర లేవకముందే లేచి, చీకట్లో కారు తుడిచి, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు పట్టుకున్నారు. నేను మెరుపు చూసి ఎండ అనుకున్నాను. పైగా తడి గుడ్డతో ఆ నూనెని ఇంకా పులిమింది నేనే.

నూనె వదిలించడం మాత్రం నాకు కెమెరా కన్నా బాగా తెలిసిన విద్య. మల్లమ్మని శనగపిండి ఉందా అని అడిగాను.

"ఉంది. బజ్జీలు చేస్తవా?"

"కారుకి తలంటు పోస్తాను."

ఆమె ఒకసారి కారుని, ఒకసారి నన్ను చూసి డబ్బా తెచ్చింది. "మా ఇంట్ల మొగోనికే తలంటు లేదు," అంటూ తనూ కొంగు దోపుకుని కూర్చుంది. గిన్నెలు పెట్టే చోట్ల పొడి శనగపిండి చల్లి, అరచేత్తో రుద్ది, నూనె పీల్చుకున్నాక దులిపి, మళ్ళీ చల్లి రుద్దాం. తరువాత అంట్లు తోమే సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో ఆరేదాకా తుడిచాం. వేలితో రాస్తే కిర్రుమనాలి, అదీ గుర్తు. ఇరవై నిమిషాలు పట్టింది. ఈసారి గిన్నెలు పట్టిన పట్టుకి యాదయ్య కడ్డీని పట్టుకుని లాగినా కారే ఊగింది తప్ప అవి కదల్లేదు.

నాలుగున్నరకి యాదయ్య స్టీరింగు ముందు కూర్చుని మొదటి గేరులో మెల్లగా పోనిచ్చాడు. నేను ఫోన్‌తో షట్టరు నొక్కుతూ పక్కన నడిచాను. పన్నెండు ఫోటోలు తీసి చూస్తే పన్నెండింటిలోనూ కారే అదిరిపోయి ఉంది. ఇంజిన్ అదురుకి ఆరడుగుల కడ్డీ చివర కెమెరా వణికింది. ఇక మిగిలింది ఇంజిన్ ఆపి తోయడమే. యాదయ్య, బాలయ్య, మల్లమ్మ, ముగ్గురూ సరేనన్నారు. మరి స్టీరింగు?

"యాదయ్యే కూర్చోవాలి," అన్నారు మా వారు. "నేను తోస్తాను."

"నూకనీకి బలమున్నోళ్ళు గావాలె సార్. మీరు దారిల నడుము పట్టిందంటిరి."

అదెందుకు పట్టిందో అప్పుడు నాకు తెలిసింది.

"డాక్టరు నడపొద్దన్నారయ్యా."

"ఎవలు నడుపుతున్నరు? ఇంజిను బందు, గేరు లేదు. మేం ముగ్గురం నూకుతున్నం. మీరు జర కూసోండ్రి, అంతే. ముందట సీదా రోడ్డు, అడ్డమొచ్చేటోడు లేడు."

మా వారు నా వైపు చూశారు. ఏమనాలో నేను పొద్దుటి నుంచి చాలా సిద్ధం చేసుకున్నాను. అవన్నీ వదిలేసి, ఎడమ వైపు ముందు తలుపు గిన్నె పట్టు ఎలా ఉందో చూస్తున్నట్టు వంగాను. కుడి వైపు తలుపు తెరుచుకున్న చప్పుడు, సీటు వెనక్కి జరిగిన చప్పుడు వినిపించాయి. యాదయ్య పొట్టివాడు, సీటు ముందుకి జరిపి ఉంచాడు. ఆయన స్టీరింగుని రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నారు. లోపలి అద్దం సరిచేసుకున్నారు. ఎడమ వైపు అద్దం కూడా సరిచేసుకున్నారు.

ఇక్కడొక మాట. ఇంజిన్ ఆపినా తాళం తీయకూడదు, ఆన్‌లోనే ఉంచాలి. లేకపోతే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇంజిన్ లేనప్పుడు స్టీరింగూ బ్రేకూ రెండూ బరువెక్కుతాయి కాబట్టి హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి ఉండాలి. ఇవన్నీ నేను చెప్పబోతే, "పద్నాలుగేళ్ళ నుంచి నాకు తెలుసు ఈ కారు," అన్నారు. ఆగస్టు తరువాత ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

మొదటి రెండుసార్లు తోసినప్పుడు రోడ్డు బాగా వచ్చింది, గీతలు బాగా వచ్చాయి, ఆయన మాత్రం పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. ఐదుంపావైంది. ఇంతలో ప్లాట్లు చూడటానికి ఎవరో వచ్చి కమాను దగ్గర హారన్ కొట్టారు. బాలయ్య పరిగెత్తాడు. ఇద్దరు తోస్తే కారు కదలదు. నేను కెమెరాని ఐదు సెకన్లకొకసారి తనంతట తనే తీసేట్టు పెట్టి, ఫోన్ సంచిలో వేసి, వెనక్కి వెళ్ళాను. డిక్కీ మీద యాదయ్య చేతులు, మల్లమ్మ చేతులు. ఎడమ మూల నాకు మిగిలింది.

"ఏక్ దమ్ నూకాలె అక్కా," అన్నాడు యాదయ్య. "ఒక్కసారి కదిలిందంటె ఇగ అదే పోతది."

కారుని తోయడం నాకు కొత్త. మొదట కొండని తోసినట్టుంది. తరువాత ఎక్కడో లోపల ఒప్పుకున్నట్టు కదిలింది. చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. రంగు రాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. కెమెరా టిక్కుమంటోంది. మల్లమ్మ మెట్టెలు తారు మీద చప్పుడు చేస్తున్నాయి. సగం దూరం వెళ్ళేసరికి తెరిచి ఉన్న కిటికీలో నుంచి, పెద్దగా కాదు, ఎప్పుడూ అడిగినట్టే ఒక మాట వచ్చింది.

"ఎడమ?"

అటు ప్లాట్ల నంబర్లు రాసిన రాళ్ళు, ఎండిన గడ్డి. అంతకు మించి పురుగు కూడా లేదు. అయినా నేను తల తిప్పి, చివరి దాకా చూసి చెప్పాను.

"ఖాళీ."

రోడ్డు అయిపోయేలోగా ఆయన ఇంకో మూడుసార్లు అడిగారు. నేను మూడుసార్లూ చూసే చెప్పాను. చివర్న హ్యాండ్ బ్రేకు లాగిన చప్పుడయ్యాక కూడా ముగ్గురం కాసేపు చేతులు తీయలేదు.

మల్లమ్మ రేకుల గది ముందు మంచం మీద కూర్చుని, కెమెరా వెనక చిన్న అద్దంలో చివరి విడతలో పడిన ఇరవై ఆరు ఫోటోలూ చూశాం. పదహారో దాని దగ్గర అందరం ఆగాం. రంగు రాళ్ళు రెండు వైపులా పసుపు నలుపు దారాలైపోయాయి. గడ్డి బంగారు నీళ్ళలా పారుతోంది. మధ్యలో మా కారు కదలకుండా, డీజిల్ మెరుపుతో ఉంది. అద్దం వెనక ఆయన మొహం, కొద్దిగా ఎడమకి, నా ఖాళీ సీటు వైపు తిరిగి, పెదవులు ఏదో అడుగుతున్నట్టు.

"నూట ఇరవై మీద పోతున్నట్టుంది సార్," అన్నాడు యాదయ్య. "చలానొస్తది."

మా వారు నవ్వారు. "ఎవరి పేరు మీద వస్తుంది? నూకినోళ్ళ మీద రాయమను."

బాలయ్య దంపతులు మూడు వందలు వద్దంటే వద్దన్నారు. పావుకిలో శనగపిండికైనా తీసుకోమని ఒప్పించి ఇచ్చాను. ఆఫీసుకి కమాను ఫోటో ఒకటి పంపించాను. ఏడుంపావుకి ఇంట్లో ఉన్నాం. వచ్చేటప్పుడు మా వారు ఎడమ సీట్లోనే కూర్చున్నారు, లేని బ్రేకు మాత్రం తొక్కలేదు. సోమవారం షాద్‌నగర్ ఆయన పది అన్నవారు తొమ్మిదిన్నరకే వచ్చారు. మా వారు కారు చుట్టూ తిరుగుతూ ఏ తలుపు గట్టిగా వేయాలో, వానలో ఏ వైపరు కీచుమంటుందో అన్నీ ఓపికగా చెప్పారు. డీజిల్ సీసా కూడా ఇచ్చేశారు.

ఫోటోలో కడ్డీ పడుతుంది, దాన్ని కంప్యూటర్లో చెరిపేయాలి. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఐదో రోజు చూస్తే కారు వెనక ఎడమ మూలన ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా స్పష్టంగా, రెండు గాజులతో సహా. కారుతో పాటు కదిలింది కాబట్టి అది చెదరలేదు. దాని కింద చీర మాత్రం గీతలైపోయింది. కడ్డీని చెరిపినట్టే దాన్నీ చెరుపుదామని కూర్చుంటే, వెనక నుంచి చూసిన మా వారు "అది ఉండనీ" అన్నారు. పద్నాలుగేళ్ళ ఫోటోలన్నీ తిరగేశాను. ఆగి ఉన్న కారు పక్కన ఆయన ఉన్నారు, తీసిన నేను ఎక్కడా లేను. కారు నడుస్తూ, ఇద్దరమూ పడిన ఫోటో ఇదొక్కటే. ఇప్పుడు మేం ఊళ్ళకి బస్సులో వెళ్తున్నాం. కిటికీ పక్కన ఆయన కూర్చుంటారు, ఎడమ వైపు నేను. కూడలి వచ్చినప్పుడల్లా నా తల దానంతటదే పక్కకి తిరుగుతుంది. ఎవరూ అడగరు. చూసి ఊరుకుంటాను.

ఇలాంటి ఫోటోకి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. కారు తుడవొద్దని ఇంట్లో వాళ్ళకి ముందు రోజే చెప్పండి. చెప్పినా సరే, ఒక పావుకిలో శనగపిండి సంచిలో వేసుకుని వెళ్ళండి. ఎవరైనా చీకటితో లేచి తుడిచి ఉంటే ఏమీ అనకండి, దాన్ని తీసి వాడుకోండి.